కొండ దిగే బండికి టైర్లు: ముందుదానికి పట్టు, వెనకదానికి మన్నిక

మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో, ఉద్యోగం తిరుమల కొండ మీద. వారానికి ఆరు రోజులు పొద్దున అలిపిరి తనిఖీ కేంద్రం దాటి రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాను, సాయంత్రం మొదటి ఘాట్ రోడ్డులో దిగుతాను. నెలకు రెండుసార్లు చంద్రగిరి మీదుగా చిత్తూరు దారి పట్టి, పూతలపట్టు దగ్గరున్న మా సొంతూరికి వెళ్లి వస్తాను. అన్నీ కలిపి నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే నా యమహా ఎఫ్‌జెడ్ మోటారు సైకిల్ వెనక చక్రానికి ఇప్పుడున్నది నాలుగో టైరు. మొదటిది బండితో వచ్చినది. తర్వాతి రెండూ దుకాణంలో చెప్పిన మాట విని తీసుకున్నవి. నాలుగోది మాత్రం నేను చదివి, కొలిచి, లెక్క వేసి కొన్నది. దానితోపాటే ముందు టైరునూ మార్చాను. ఈ జత 16,000 కిలోమీటర్లు నడిచింది. రెండు ఎండాకాలాలు కాకపోయినా ఒక నిండు ఎండాకాలాన్ని, రెండు వానాకాలాలను చూసింది. మన దారులకు ఏ టైరు తగినదో, ఎందుకు తగినదో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ముందు దారి సంగతి చెప్పాలి, ఎందుకంటే టైరు మంచిచెడ్డలు దారిని బట్టే తేలుతాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ప్రణాళికతో 1944లో సిద్ధమైన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే వాహనాలకే. అందులో 36 మెలికల మలుపులున్నాయి. ఎక్కే వాహనాలు 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డులో వెళ్తాయి. రెండింటిలోనూ వేగానికి కట్టడి ఉంది కాబట్టి ఇక్కడ టైరుకు ఎదురయ్యే పరీక్ష వేగంతో కాదు, బ్రేకుతో. దిగుడులో ప్రతి మలుపు ముందూ బండి బరువూ మనిషి బరువూ ముందు చక్రం మీద పడతాయి. సరిగ్గా ఆ క్షణంలోనే దానిని వంచి తిప్పాలి కూడా. బస్సులు మలుపు తిరిగే చోట డీజిల్ చుక్కలు రాలి ఉంటాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకు ఆకులు, కొండ మీది సన్నని ఇసుక కొట్టుకొచ్చి రోడ్డు మీద పరుచుకుంటాయి. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్‌లో బండరాళ్లు విరిగిపడి రోడ్డే దెబ్బతిన్న సంగతి మన ఊళ్లో అందరికీ గుర్తుంది. ఇక పట్నంలోకి దిగాక శ్రీనివాస సేతు మీది ఇనుప అతుకులు, రోడ్డు మీది తెల్ల గీతలు వానలో సబ్బు పూసినట్టు ఉంటాయి. చిత్తూరు దారి మాత్రం వెడల్పుగా, నేరుగా, వేడిగా ఉంటుంది. అక్కడ టైరు జారదు, నడుమ భాగం అరుగుతుంది. ఒకే బండి, ఒకే నెలలో ఈ రెండు రకాల దారులనూ తొక్కడమే నా చిక్కు. కొండ మీద పనిచేసే వందలాది మందికి ఇదే చిక్కు అని నాకు తెలుసు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

టైరుకు పట్టు ఎక్కడి నుంచి వస్తుందన్నది అర్థమైతే సగం నిర్ణయం తేలికవుతుంది. చాలామంది గాడులను చూసి కొంటారు, గాడులు లోతుగా, దట్టంగా ఉంటే పట్టు ఎక్కువని నమ్ముతారు. గాడుల పని నీటిని పక్కకు నెట్టడం మాత్రమే. పొడి రోడ్డు మీద అవి పట్టును పెంచవు. గుండ్రని అడ్డుకోత గల మోటారు సైకిల్ టైరు నేలకు తగిలే చోటు అరచేయంతే కాబట్టి, ఘాట్‌లో మనం వెళ్లే వేగాలకు నీటి పొర మీద టైరు తేలిపోవడమన్నది చాలా అరుదు. అసలు పట్టునిచ్చేది రబ్బరు. అది రోడ్డు మీది గరుకుదనంలోకి ఒదిగి, మళ్లీ తన ఆకారానికి వచ్చేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. అలా పోయే శక్తే మనకు పట్టుగా అందుతుంది. మెత్తని రబ్బరు బాగా ఒదుగుతుంది, అందువల్లనే గరుకు రాయి దానిని త్వరగా గీకేస్తుంది కూడా. గట్టి రబ్బరు రాయి కొనల మీద నిలబడి పోతుంది, అరగదు, తడిలో జారుతుంది. టైరును నల్లగా చేసే కార్బన్ పొడి అరుగుదలను తట్టుకునే బలాన్ని ఇస్తే, సిలికా (ఇసుక జాతికి చెందిన సన్నని పొడి) కలిపిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టును మెరుగుపరుస్తుంది. పట్టు, మన్నిక అనేవి ఒకే త్రాసుకు రెండు తక్కెళ్లు అన్నమాట నిజమే కానీ, రబ్బరు కలపడంలో నేర్పు పెరిగిన కొద్దీ రెండు తక్కెళ్లనూ కొంత కొంత పైకి తేగలుగుతున్నారు. తయారీదారులు కొన్ని ఖరీదైన టైర్లలో నడుమ గట్టి రబ్బరు, దానికి ఇరుపక్కల వాలుగా ఉండే రెండు భుజాలలో మెత్తని రబ్బరు పెట్టడం కూడా ఈ ప్రయత్నంలో భాగమే.

నా రెండో టైరు పేరు చెప్పను. ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుందని దుకాణంలో చెప్పిన మాట అక్షరాలా నిజమైంది: అది 30,000 కిలోమీటర్లు నడిచింది. కానీ 2021 నవంబరు మొదట్లో ఒక సాయంత్రం సన్నని జల్లులో ఏడో మైలు దాటి దిగుతుండగా, మలుపుకు ముందు వెనక బ్రేకు కాస్త గట్టిగా నొక్కగానే బండి వెనక భాగం ఎడమకు కొట్టుకుపోయింది. అంతకు ముందు నెలల్లోనే ముందు చక్రానికి కూడా అదే రకం గట్టి టైరు వేయించుకున్నాను. వెనకది జారినప్పుడు బ్రేకు వదిలితే బండి తిరిగి నిటారుగా నిలబడింది. ఆ తర్వాత రెండు మలుపులు దిగాక ముందు చక్రం జారినప్పుడు మాత్రం నాకు ఏమీ చేసే వ్యవధి దొరకలేదు. పిట్టగోడ పక్కన పడిపోయాను. మోకాలికి, అరచేతికి దెబ్బలు తగిలాయి, అంతకు మించి ఏమీ కాలేదు. వెనక వస్తున్న బస్సు డ్రైవరు దూరం పాటించి రావడం వల్ల నేను ఈ సమీక్ష రాయగలుగుతున్నాను. ఆ రోజు గాడుల లోతు రెండింటిలోనూ బాగానే ఉంది. అరిగిన టైరు జారుతుందని అందరికీ తెలుసు, అరగని టైరు కూడా జారుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

దాంతో మూడోసారి పూర్తిగా అవతలి ఒడ్డుకు వెళ్లాను. పందెపు బండ్ల నడవడికను మాటల్లో వర్ణించి అమ్మిన మెత్తని టైరు ఒకటి, 4,600 రూపాయలు పెట్టి వెనకకు వేయించాను. దాని పేరూ చెప్పను, ఎందుకంటే తప్పు ఆ టైరుది కాదు, దానిని రోజువారీ ఉద్యోగానికి వాడిన ఎంపికది. మలుపుల్లో అది రోడ్డుకు అతుక్కున్నట్టే ఉండేది. అయితే చిత్తూరు దారిలో మే నెల ఎండకు, మనిషిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిన ప్రయాణాలకు దాని నడుమ భాగం చదునైపోయింది. నడుమ చదునై భుజాలు మిగిలిన టైరు మలుపులో వంచేటప్పుడు సాఫీగా వాలదు, ఒక అంచు మీదికి ఎక్కి దిగినట్టు తటాలున పడుతుంది. 11,000 కిలోమీటర్లకు దానిని తీసేయాల్సి వచ్చింది. చివరి రెండు వేల కిలోమీటర్లలో దాని పట్టు కూడా మొదటి నెలల పట్టులా లేదు, ఎందుకంటే వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంత గట్టిపడుతూ వస్తుంది.

ఈ రెండు అనుభవాల మధ్య నుంచి తేలినదే నేను చెప్పదలచిన అసలు విషయం. పట్టు, మన్నిక రెండూ సరిపాళ్లలో ఉన్న ఒక్క టైరు కోసం వెతకడం మానేసి, ఆ రెండు గుణాలను రెండు చక్రాలకు పంచాలి. ముందు చక్రానికి దొరికినంత పట్టు ఇవ్వాలి, వెనక చక్రానికి మధ్యస్థమైన గట్టిదనం ఇవ్వాలి. కారణం బండి పనితీరులోనే ఉంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది, దిగుడులో ఇంకా ఎక్కువగా వస్తుంది, కాబట్టి బండిని ఆపే పనిలో పెద్ద వంతు ముందు టైరుదే. దిశ మార్చే పని కూడా దానిదే. అది జారితే సరిదిద్దుకోవడం చేయి తిరిగిన వాళ్లకు సైతం కష్టం. వెనక చక్రం ఇంజను బలాన్ని నేలకు అందించే పని చేస్తుంది, కూర్చున్న వాళ్ల బరువును మోస్తుంది. అందుకే అది త్వరగా అరుగుతుంది, జారినా చాలాసార్లు సర్దుకునే వీలిస్తుంది. నా బండి మీద ముందు టైరు ఒకటి మార్చే లోపు వెనకవి దాదాపు రెండు మార్చాల్సి వచ్చేది. అంటే ముందు చక్రానికి మెత్తని రబ్బరు వేసినా అది నెమ్మదిగానే అరుగుతుంది, ఆ ఖర్చు భరించదగినది. మెత్తని రబ్బరు వల్ల లాభం ఎక్కువ ఉన్న చోటే దాని నష్టం తక్కువగా ఉండడం మన అదృష్టం. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు: వెనక టైరుకు మంచి డబ్బు పెట్టి, ముందుదానిని నున్నబడే దాకా వదిలేస్తారు.

2024 నవంబరులో ముందు చక్రానికి 100/80-17 కొలతలో (వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 80 శాతం, చక్రం 17 అంగుళాలు) మిషెలిన్ పైలట్ స్ట్రీట్ 2 వేయించాను. సిలికా కలిపిన రబ్బరు, నడుమ నుంచి భుజాల దాకా వెళ్లే పొడవాటి వంపు గాడులు దీని లక్షణాలు. మొదటి 150 కిలోమీటర్లు జాగ్రత్తగా నడపాలి, ఎందుకంటే అచ్చు నుంచి టైరు సులువుగా ఊడి రావడానికి పూసే జిడ్డు పై పొర మీద ఉంటుంది. అది అరిగి పోయేదాకా కొత్త టైరే అన్నిటికన్నా ఎక్కువగా జారుతుంది. ఆ వారం నేను కొండకు బస్సులో వెళ్లి, బండిని సాయంత్రాలు కరకంబాడి రోడ్డులో మాత్రమే తిప్పాను. తర్వాత వచ్చిన వానల్లో, జింకల పార్కు ప్రాంతంలో తడి మలుపులకు చేరేటప్పుడు ముందు చక్రపు బ్రేకును క్రమంగా నొక్కుతూ చూశాను. టైరు ఎంత వరకు మాట వింటుందో హ్యాండిల్ ద్వారా చేతులకు తెలుస్తూ ఉంది. పాత గట్టి టైరుతో ఆ కబురు అందేది కాదు, జారిన తర్వాతే తెలిసేది. నాకు అన్నిటికన్నా విలువైన మార్పు ఇదే. పట్టు కొన్ని పాళ్లు పెరగడం ఒక ఎత్తు, పట్టు ఎక్కడ అయిపోతుందో ముందుగా తెలియడం మరో ఎత్తు. 16,000 కిలోమీటర్ల తర్వాత దీని గాడుల లోతును బట్టి చూస్తే 22,000 దాకా వస్తుందని అంచనా. దిగుడులో బ్రేకులు ఎక్కువగా వేసే నా వాడకంలో అది మంచి లెక్కే. నేల దారుల్లో తిరిగే బండికి ఇంకా ఎక్కువ రావాలి.

వెనక చక్రానికి ఎమ్మారెఫ్ జాపర్ శ్రేణిలోని 140/60-ఆర్17 రేడియల్ వేయించాను. కొలతలో ఆర్ అక్షరం ఉంటే రేడియల్ అని అర్థం. అందులో దారపు పొరలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా, టైరు నడిచే దిశకు అడ్డంగా సాగుతాయి. మామూలు టైర్లలో నైలాన్ దారపు పొరలు ఐమూలగా ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి. అవి దృఢంగా ఉంటాయి, గుంతల దెబ్బలను బాగా తట్టుకుంటాయి, కానీ పరుగులో పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని ఎక్కువ వేడెక్కుతాయి. రేడియల్ చల్లగా నడుస్తుంది, నేలకు తగిలే చోటు నిలకడగా ఉంటుంది, కాబట్టి ఒకే గట్టిదనం గల రబ్బరుతో కాస్త ఎక్కువ పట్టును ఇవ్వగలుగుతుంది. ఎఫ్‌జెడ్ 2008లో వచ్చిన నాటి నుంచీ వెనక రేడియల్, ముందు ఐమూల పొరల టైరు జతగానే వస్తున్నది, కనుక ఈ కలయిక నా బండికి సహజమే. మిగతా బండ్ల వాళ్లు తయారీదారు చెప్పకుండా రేడియల్‌ను, మామూలు టైరును కలపకూడదు. ముఖ్యంగా ముందు రేడియల్, వెనక మామూలు టైరు అన్న కలయిక బండి నడకను చెడగొడుతుంది.

కొత్తగా ఉన్నప్పుడు ఈ వెనక టైరు నడుమ గాడి లోతు నేను కొలిచినప్పుడు 7 మిల్లీమీటర్లు, ఇప్పుడు 2.6 మిల్లీమీటర్లు. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ పావు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ అరుగుతున్నదన్నమాట. లోతు 1.5 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు తీసేయాలన్నది నా నియమం కాబట్టి మొత్తం 20,000 కిలోమీటర్లు వస్తాయి. ద్విచక్ర వాహనాలకు చట్టం చెప్పే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు, గాడుల అడుగున అక్కడక్కడ కనిపించే చిన్న దిమ్మెలు ఆ హద్దునే చూపుతాయి. అయితే ఆ దిమ్మెలు రోడ్డుకు తగిలేదాకా ఆగితే వానలో నీరు పోవడానికి దారి ఉండదు. ముళ్లూ మేకులూ కూడా సులువుగా దిగుతాయి. అరుగుదల ఆకారం కూడా చూడదగినదే. వారమంతా కొండ మలుపులు భుజాలను అరగదీస్తే, చిత్తూరు దారి నడుమను అరగదీస్తుంది, అందువల్ల నా టైరు ఇంకా గుండ్రంగానే ఉంది. రేణిగుంట వైపు నేరుగా ఉద్యోగానికి పోయి వచ్చేవారికి నడుమే చదునవుతుంది. అలాంటి వారికి నడుమ గట్టి రబ్బరు గల టైరు నాకన్నా ఎక్కువ ఉపయోగం.

కొనేటప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పి తీరాలి. మొదట వెళ్లిన దుకాణంలో నాకు కావలసిన కొలత ఉందని, ధర కూడా 300 రూపాయలు తగ్గిస్తామని చెప్పారు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉండే నాలుగు అంకెలు చూశాను: 1120. మొదటి రెండు అంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి, అంటే అది 2020లో పదకొండో వారంలో తయారైనది, నేను కొనబోయే నాటికి నాలుగున్నర ఏళ్లు దాటింది. టైరు నడవకపోయినా రబ్బరు ముదురుతుంది. ఎండ తగిలే అరుగు మీద వేలాడదీస్తే ఇంకా త్వరగా ముదురుతుంది. గోటితో నొక్కి మెత్తదనం చూపించారు కానీ, మధ్యాహ్నపు వేడిలో ఏ రబ్బరైనా గోటికి మెత్తగానే తోస్తుంది, దానిని పరీక్షగా నేను ఒప్పుకోను. తయారై ఆరు నెలలు దాటని టైరే అడిగి తీసుకోవాలి. ఆ నాలుగు అంకెలు చూపించడానికి ఇష్టపడని చోట కొనకూడదు.

రెండోసారి వెళ్లినది లీలామహల్ కూడలి పక్క వీధిలోని ఒక చిన్న దుకాణం. యజమాని తానే టైరును వెలుతురులోకి తెచ్చి, అంకెలు చూపి, తర్వాత నా పని గురించి అడిగారు. నేను రోజూ కొండ ఎక్కి దిగుతానని చెప్పగానే, "సామీ, దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడేది ముందు టైరు. డబ్బు తక్కువైతే వెనకది తర్వాత చూసుకుందాం, ముందు దాన్ని మార్చండి" అన్నారు. వెనకది పెద్దది, దానిలోనే లాభం ఎక్కువ. అయినా ఆ మాట చెప్పిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది. ఇనుప పట్టీలతో పెకలించకుండా యంత్రంతో పాత టైరు విప్పారు, అందువల్ల అల్లాయ్ చక్రం అంచుకు గీత పడలేదు. చక్రం అంచున పేరుకున్న తుప్పునూ పాత జిగురునూ గీకి శుభ్రం చేశారు, ట్యూబ్‌లెస్ వాల్వును అడగకుండానే మార్చారు, తిరిగే దిశను చూపే బాణం గుర్తును నాకు చూపించి ఆ తర్వాతే బిగించారు. వెనక చక్రం ఎక్కించేటప్పుడు రెండు వైపులా చెయిన్ సర్దే గీతలు సమానంగా ఉన్నాయో లేదో తనిఖీ చేశారు. ఆ గీతలు ఒక పక్కకు ఉంటే చక్రం వంకరగా నడిచి ఎంత మంచి టైరైనా ఒక వైపే అరుగుతుంది. మొత్తం పనికి గంట పట్టింది. నిరీక్షణకు చోటు లేకపోవడం, సాయంత్రం పూట రద్దీ తప్ప ఆ దుకాణంలో లోటేమీ కనిపించలేదు. పొద్దున పది గంటలకు వెళ్లడం మేలు.

సైడ్‌వాల్ మీద ఇంకా చదవవలసినవి ఉన్నాయి. 63పి అని ఉంటే 63 అన్నది మోయగల బరువుకు గుర్తు, అది 272 కిలోలు. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తగినదని. ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. మన వాడకానికి వేగపు అక్షరం కన్నా బరువు అంకె ముఖ్యం, అది బండితో వచ్చిన టైరు మీది అంకె కన్నా తగ్గకూడదు. ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు 15627 అనే సంఖ్య ఉండాలి, రెండు మూడు చక్రాల వాహనాల టైర్లకు వర్తించే భారతీయ ప్రమాణం అది. కొలతను మార్చి లావు టైరు వేయించుకోవడం గురించి నన్ను తరచుగా అడుగుతారు. చక్రం వెడల్పు మారకుండా టైరు మాత్రం లావైతే, ఇరుకు చక్రం దాని అంచులను లోపలికి నొక్కి, నడుమను ఉబ్బేలా చేస్తుంది. నేలకు తగిలే చోటు పెరగాల్సింది పోయి మలుపులో నడక చెడుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. పల్సర్ 150కి వెనక 100/90-17 ఉంటే అదే కొలతలో మెరుగైన రబ్బరు వెతుక్కోవాలి. స్ప్లెండర్ లాంటి సన్న టైర్ల బండికీ అదే మాట వర్తిస్తుంది: కొలత అలాగే ఉంచి, ముందుదానిని మంచి రకం వేసుకుంటే చాలు.

గాలి విషయంలో మన పట్నంలో ఒక అలవాటు పాతుకుపోయింది. పెట్రోలు బంకుల్లో, పంక్చరు దుకాణాల్లో అడగకపోతే రెండు చక్రాలకూ 40 పి.ఎస్.ఐ. ఒత్తిడితో గాలి కొట్టేస్తారు. గాలి ఎక్కువైతే టైరు నడుమ మాత్రమే నేలకు తగులుతుంది, పట్టు తగ్గుతుంది, నడుమ త్వరగా అరుగుతుంది. గాలి తక్కువైతే అంచులు వంగి వంగి టైరు వేడెక్కి రెండు భుజాలూ అరుగుతాయి, ఇద్దరు కూర్చుని కొండ ఎక్కేటప్పుడు ఆ వేడి ప్రమాదకరమైన స్థాయికి పెరుగుతుంది. యజమాని పుస్తకంలోనో, బండి మీద అతికించిన పట్టీలోనో ఒంటరిగా వెళ్లేటప్పుడు ఎంత, ఇద్దరు వెళ్లేటప్పుడు ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. దానినే పాటించాలి, టైరు చల్లగా ఉన్న పొద్దుటి పూటే కొలవాలి. కొండ దిగి వచ్చి కొలిస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది, అప్పుడు గాలి తీసేయడం తప్పు. నేను చేతిలో పట్టే చిన్న కొలత పరికరం ఒకటి కొని ప్రతి సోమవారం పొద్దున చూసుకుంటాను. మూడో టైరు 11,000కే పోవడానికి రబ్బరు మెత్తదనం ఎంత కారణమో, గాలిని నేను పట్టించుకోకపోవడం కూడా అంతే కారణమని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఖర్చు లెక్క కూడా రాస్తాను, ఎందుకంటే చాలామంది ధరను చూస్తారు కానీ కిలోమీటరుకు ఎంత పడుతున్నదో చూడరు. 2,900 రూపాయల గట్టి వెనక టైరు 30,000 కిలోమీటర్లు నడిచి కిలోమీటరుకు పది పైసల లోపే తీసుకుంది. 4,600 రూపాయల మెత్తనిది 42 పైసలు తీసుకుంది. ఇప్పుడున్నది 3,600 రూపాయలు, 20,000 వస్తాయి కనుక 18 పైసలు. నా తిరుగుడుకు గట్టి టైరుతో పోలిస్తే నెలకు వంద రూపాయలు ఎక్కువ, అంటే పనికి వెళ్లే రోజుకు నాలుగు రూపాయలు. ఆ సాయంత్రం పిట్టగోడ పక్కన పడిపోయిన నాకు ఈ నాలుగు రూపాయల గురించి రెండో ఆలోచన లేదు. పైగా నేను కొన్నప్పుడు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. మూల ధర మారకపోతే అదే టైరు ఇప్పుడు 3,320 రూపాయల దగ్గర దొరకాలి. పాత రశీదును వెంట తీసుకెళ్లి, తగ్గిన పన్నుతో ధర అడగడం మన హక్కు. ఈ సందర్భంలో ఒక మాట: మన తిరుపతి జిల్లాలోనే వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో టైర్ల కర్మాగారం 2020 నుంచి నడుస్తున్నది, అక్కడ కార్లకు, లారీలకు టైర్లు తయారవుతున్నాయి. మన జిల్లా మనుషులు రబ్బరు కలిపి టైర్లు పోస్తున్న ఈ రోజుల్లో, మన ఊరి దుకాణాల్లో నాలుగేళ్ల నాటి టైరును కొత్తదని అమ్మడం ఆగాలని నా కోరిక.

పంక్చర్ల సంగతి క్లుప్తంగా: 16,000 కిలోమీటర్లలో వెనకకు రెండు పడ్డాయి, రెండూ చిత్తూరు దారిలో, రెండూ నడుమ భాగంలో, కాబట్టి చిల్లులోకి దూర్చే రబ్బరు పట్టీలతో (ట్యూబ్‌లెస్ స్ట్రిప్పులు) సరిపోయింది. సైడ్‌వాల్‌కు చిల్లు పడితే మాత్రం ఎవరేమి చెప్పినా అతుకు వేయించకుండా టైరు మార్చాలి. వంగేది ఆ భాగమే కాబట్టి అక్కడ వేసిన అతుకు నిలవదు. ముందు టైరుకు ఇప్పటి వరకు ఒక్కటీ పడలేదు.

ప్రస్తుత అరుగుదల ఇలాగే సాగితే వెనక టైరుకు మరో మూడు నెలల పైచిలుకు ఉంది. అది తీసేసిన రోజున మళ్లీ అదే కొలతలో, అదే తరహా మధ్యస్థమైన రేడియల్‌నే వేయిస్తాను. ముందు టైరుకు ఇంకా 6,000 కిలోమీటర్ల ఆయుష్షు కనిపిస్తున్నా, దాని గడువు సరిగ్గా ఈశాన్య వానల నడుమ పడితే అన్ని కిలోమీటర్లూ వాడకుండా సెప్టెంబరులోనే మార్చేస్తాను.